పదారో పేరు

అయ్యగారు బైబిలు మూసినాడు. హమ్మయ్య, అయిపోయిందిరా దేవుడా అని ఏసురత్నం బెంచీ అంచుకు జరిగినాడో లేదో, ఆయన వేలు అడ్డం పెట్టుకొని మూసినాడంతే, మళ్లా తెరిచినాడు. కానా ఊరి పెండ్లిలో ద్రాక్షారసం అయిపోతే ప్రభువు బానల్లో నీళ్లను ద్రాక్షారసం చేసిన సంగతి. అది ఈ చర్చి పైకప్పులో గూడు కట్టుకున్న పావురాలకు కూడా తెలుసు గదయ్యా, మూడేండ్ల బిడ్డనడిగినా చెప్తాది, ఎన్ని బానలో కూడా చెప్తాది, ఆరు. గోడ మీద గడియారం నాలుగూ ఇరవై చూపిస్తా ఉంది. మే నెల ఎండకు మార్కాపురమంతా పెనం మీద ఉన్నట్టుంది, పైన ఫ్యాన్లు తిరిగే పని తిరుగుతా ఉన్నాయిగానీ గాలి వాటికే చాలడం లేదు. చర్చి కాంపౌండు గోడకు అవతల గ్రౌండు. గ్రౌండులో ఫైనల్. మొదలై ఇరవై నిమిషాలయింది. ఇక్కడ ముందు వరసలో, తెల్లచీర కట్టుకొని నెత్తిన ముసుగేసుకొని నిలబడింది ఏసురత్నం ఒక్కగానొక్క కూతురు కృప. ఆమె పక్కన బాడుగ కోటులో చెమటలు కక్కుతా నిలబడినోడు శ్యాంసన్, కాబోయే అల్లుడు. ఆ శ్యాంసనే పదకొండేండ్లుగా మార్నింగ్ స్టార్ టీముకు గోల్‌కీపరు. ఆ మార్నింగ్ స్టార్ టీమే ఇప్పుడు గోడవతల కీపరు లేకుండా ఫైనల్ ఆడుతా ఉంది. ఇంతకన్నా చక్కగా ఎవడైనా తన నెత్తిన తాను మన్ను పోసుకోగలడా? ఏసురత్నం పోసుకున్నాడు, తట్ట నిండా.

ఎందుకంటే ఈ తారీఖు పెట్టింది ఏసురత్నమే. ఇంకెవరిని తిట్టుకునేదానికీ లేదు, అదే కడుపుమంట. రెండు నెలల కింద పెద్దమనుషులు కూచున్నప్పుడు అయ్యగారు క్యాలెండరు తిప్పి ఈ శనివారం సాయంత్రం నాలుగు గంటలకు చర్చి ఖాళీ అన్నాడు. శ్యాంసన్ మెల్లగా, ఆ రోజు టోర్నమెంటు ఫైనల్ ఉంటాది గదా మామా అన్నాడు. దానికి ఏసురత్నం నవ్విన నవ్వు! టీ గ్లాసు కింద పెట్టి మరీ నవ్వినాడు. ఫైనల్‌కూ మనకూ ఏంది నాయనా సంబంధం, అన్నాడు. అందరూ నవ్వినారు. శ్యాంసన్ కూడా నవ్వినాడు, పాపం, టీములో పుట్టి పెరిగినోడు గదా, నవ్వక ఏం చేస్తాడు. క్లబ్బు సెక్రెటరీ ఏసురత్నమే ఆ మాటంటే ఇంకెవరు కాదంటారు. మార్నింగ్ స్టార్ టీమోళ్లు కాకుండా ఈ భూమ్మీద ఇంకెవరైనా తమ కీపరు పెండ్లి ఫైనల్ రోజు పెట్టుకుంటారా? పెట్టుకోరు. ఎంత పనికిమాలిన టీముకైనా, ఏమో, ఒకవేళ, అనే చిన్న అనుమానమైనా ఉంటాది. వీళ్లకు అది కూడా లేదు. ముప్పై నాలుగేండ్లుగా ఆ అనుమానాన్ని దగ్గరికి రానియ్యకుండా కాచుకున్నది ఎవరయ్యా అంటే, అదీ ఏసురత్నమే.

ముప్పై నాలుగేండ్లు. ఇరవై ఏండ్లప్పుడు పలకల షెడ్డులో పనికి చేరినాడు, అదే వారం టీములో చేరినాడు. షెడ్డులోని పిల్లోళ్లే టీము, పొద్దంతా పలకలు కోసి, దుమ్ము కొట్టుకుపోయిన మొహాలతోనే గ్రౌండుకు పోయేవాళ్లు. ఏసురత్నం ఆరేండ్లు ఆడినాడు, ఒక్క గోలు కొట్టలేదు, కొట్టినానని ఒకసారి ఎగిరి గంతేసినాడుగానీ రెఫరీ కాదన్నాడు. ఆ తర్వాత ఎవరూ ఒప్పుకోకపోతే సెక్రెటరీ అయినాడు. కంభమోళ్లతో ఓడిపోయినారు, గిద్దలూరోళ్లతో ఓడిపోయినారు, యర్రగొండపాలెం నుంచి తొమ్మిదిమందే వస్తే ఆ తొమ్మిదిమందితోనూ ఓడిపోయినారు. స్కోరు రాసేది ఏబేలు, షెడ్డులో ఏసురత్నం పక్క మిషను మీద పనిచేసేవాడు. పెద్ద పలక ఒకటి పట్టుకొచ్చి బలపంతో నడిమధ్య గీత గీస్తాడు, అటు వాళ్ల గోల్స్, ఇటు మనవి. నడిమధ్య అన్నమాటేగానీ ఆ గీత ఎప్పుడూ నడిమధ్య ఉండదు. వాళ్ల వైపు మూడొంతులు జాగా వదిలి, మన వైపు రెండు వేళ్ల సందు వదిలి గీస్తాడు. ఎందుకు రా అట్ల అని కొత్తోడెవడైనా అడిగితే, నడిమధ్య గీస్తే వాళ్లకు చాలదురా, గీతలు పట్టవు అంటాడు. ఆటకు ముందు ప్రార్థన ఏసురత్నం చేస్తాడు. తండ్రీ, పిల్లోళ్లకు దెబ్బలు తగలకుండా కాపాడు, మర్యాదగా ఆడనియ్యి, ఆమేన్. అంతే ప్రార్థన. గెలిపించమని ఒక్కనాడు అడిగిన పాపాన పోలేదు. అడిగి లేదనిపించుకునే దానికంటే అడక్కుండా ఉండడం మర్యాద అనుకున్నాడు. ఆట అయినాక, ఓడినా పర్లేదు రా, బాగా ఆడినారు అని ఒక్కొక్కని వీపు తట్టడం. శ్యాంసన్ వీపు ఎన్నిసార్లు తట్టినాడో, ఆ వీపే ఇప్పుడు ఎదురుగా, నల్లకోటులో.

గోడవతల గోల ఒక్కసారి పైకి లేచింది. ఎవరిది? మనోళ్లదా వాళ్లదా? గోలకు ఊరి పేరు రాసి ఉండదు గదా. శ్యాంసన్ తల కదల్లేదుగానీ కుడి చెవి మాత్రం కిటికీ వైపు తిరిగినట్టే అనిపించింది, కింద వేళ్లు ముడుచుకొని విచ్చుకున్నాయి, గ్లవుజులు తొడుక్కున్నోడి మాదిరి. అయ్యగారు ద్రాక్షారసం దగ్గర్నే ఉన్నాడు. కిటికీ ఊచల్లో ఏబేలు మొహం కనపడింది, ఆ వెనకనే పలక పైకి వచ్చింది. అటు ఒక గీత. ఇటు సున్న. ఆహా. ఇంకేంది, ఏం మారింది లోకంలో. అనుకున్నదేలే అనుకుందామని ఏసురత్నం చూసినాడు, ఎప్పుడూ అనుకునేదే గదా, ఈసారి ఎందుకో అనుకోలేకపోయినాడు. గోల్‌లో నిలబడినోడు బాలకృష్ణ. ఆటో తోలేవాడు, బంగారం లాంటి మనిషి, ఎత్తు అయిదడుగుల మూడంగుళాలు. ఎగిరినా పైకంబీ అందదు. పొద్దున ఏసురత్నం చేతులు పట్టుకొని, అన్నా నన్ను తిట్టుకోవద్దు అన్నాడు. ఆట మొదలు కాకముందే క్షమాపణ అడిగే గోల్‌కీపరు ఇంకే టీములో ఉంటాడు.

నడిదారికి అవతల ఆడోళ్ల వరసలో పెండ్లాం ఇందిరమ్మ తననే చూస్తా ఉంది. ఆ చూపు ఏసురత్నానికి ఇరవై ఆరేండ్లుగా తెలుసు. కృప పుట్టిన రోజు నుంచి. ఆ రోజు ఆమెకు నొప్పులు మొదలైతే వాళ్లమ్మను తోడిచ్చి ఆసుపత్రికి పంపి, ఒక్క గంటలో వస్తా అని తాను కంభం పోయినాడు టీముతో. ఏడు గోల్స్ తిన్నారు. బస్సు తప్పిపోయింది. తెల్లారి వచ్చేసరికి బిడ్డ కండ్లు తెరిచి చూస్తా ఉంది. ఏడు తిన్నావంట గదా, కడుపు నిండిందా, అన్నది ఇందిరమ్మ, అంతే, ఇంకో మాట అనలేదు. అనలేదంటే ఆ రోజు అనలేదు. తర్వాత ఇరవై ఆరేండ్లు అన్నది. కూరలో ఉప్పు ఎక్కువైందంటే ఆ ఏడు గోల్సూ గుర్తు చేసింది, కరెంటు పోతే గుర్తు చేసింది. ఆ టీము పేరు ఆమె నోట రాదు. నీ వాళ్లు అంటాది, ఎవరో దొంగల ముఠాను అన్నట్టు. ఏసురత్నానికి కోపం వచ్చేది, మళ్లా తప్పు తనదే గదా అని కోపం మింగేవాడు, మింగి మింగి ఒక్కటి మాత్రం గట్టిగా నిర్ణయించుకున్నాడు, ఇంట్లో శుభకార్యమైతే ఆ ఆట ఊసే తియ్యగూడదని.

అందుకే బుధవారం నాడు అట్ల అన్నాడు. బుధవారం సెమీఫైనల్. ఎదుటి టీమోడు తల తగిలించబోయి బంతిని తన గోల్‌లోకే కొట్టుకున్నాడు, శ్యాంసన్ ఒక పెనాల్టీ ఆపినాడు, విజిలు మోగింది, ఒకటి సున్న. ఎవరికీ ఏం చెయ్యాలో తెలీలేదు. ఎట్ల సంతోషపడాలో తెలీని మనుషులు పదహారుమంది గ్రౌండులో అట్లే నిలబడిపోయినారు. ఏబేలు పలక చూసుకొని, గీత తప్పు పక్కన గీసినానేమో అని రెఫరీని అడిగి వచ్చినాడు. ఆ సాయంత్రం శ్యాంసన్ ఇంటికొచ్చినాడు. గడప దగ్గర్నే నిలబడి, మామా, మనకు ముహూర్తాలు గిహూర్తాలు లేవు గదా, పెండ్లి రెండు గంటలు వెనక్కి జరుపుదామా, అన్నాడు. సోమవారం బెంగళూరు పోతున్నాడు పిల్లోడు, గోడౌనులో ఉద్యోగం, కృపను తీసుకొని. ఇంక ఆట లేదు. ఇదే ఆఖరు. అది చెప్పలేదు వాడు, చెప్పకపోయినా ఏసురత్నానికి తెలుసు. తెలిసీ ఏమన్నాడు? ఓడిపోయే ఆటకోసం పెండ్లి వెనక్కి జరపమంటావా నాయనా, అన్నాడు. కొట్టినా బాగుండేది. వాడు సరే మామా అని తల ఊపి పోయినాడు. వాడు పోయినాక వంటింట్లోంచి కృప వచ్చింది, కండ్లు ఎర్రగా.

“నాయనా, నా పెండ్లిని అడ్డం పెట్టినావు. అమ్మ నిన్ను ఎన్నేండ్లు ఎత్తిపొడిచిందో నాకు తెలీదా? రేపు ఆయన నన్ను ఏమీ అనడు. అనకుండా మనసులో పెట్టుకుంటాడు. అది ఇంకా ఘోరం.”

అప్పుడైనా పరిగెత్తిపోయి, సరే రా, జరుపుదాం అనొచ్చు గదా. అనలేదు. అయ్యగారికి ఆరున్నరకు పెద్దారవీడులో ఇంకో ప్రార్థన ఉందంట, చుట్టాలకు కార్డులు పోయినాయి, వంటోళ్లకు చెప్పినాము, అని లేనిపోని సాకులు. అసలు సంగతి అది కాదు. గెలుస్తామేమో అని ఒక్కసారి ఒప్పుకుంటే ఇన్నేండ్లు పర్లేదు పర్లేదు అని చెప్పిన మాటలన్నీ ఏమైపోవాల? పర్లేదనేది అబద్ధమని తేలిపోదూ? చేతగాని పిరికోడు, ఇంకేం కాదు. అయితే ఆ పిరికోడే ఈ పొద్దున ఇంకో పని చేసినాడు. గ్రౌండులో టేబులు దగ్గర టీము లిస్టు రాయాల. పదహారు పేర్ల వరకు రాయొచ్చు, పేరు లేనోడు మధ్యలో దిగేదానికి లేదు. ఉన్నోళ్లు పదిహేనుమంది. పదిహేను రాసి సంతకం పెట్టబోయి, పెన్ను ఆగింది. కింద పదహారు అంకె ఎదురుగా ఖాళీ. ఎవరూ చూడడం లేదు. శ్యాంసన్ అని రాసినాడు. అలవాటుకొద్దీ రాసినానులే అనుకున్నాడు అప్పుడు. అలవాటయితే మొదట రాయాల, కీపరు పేరు మొదట రాస్తారు. ఆఖర్న ఎందుకు రాసినట్టు? ఎవరికీ చెప్పలేదు. ఆ లిస్టు నకలు ఇప్పుడు కొత్త చొక్కా జేబులో, చెమటకు తడిసి గుండెకు అంటుకుంటా ఉంది.

అయ్యగారి గొంతు మారింది. వాక్యం అయిపోయింది, నిజంగానే అయిపోయింది. ఏసురత్నం ఉలిక్కిపడినాడు.

“ఈ వధూవరుల వివాహమునకు ఎవరికైనను అభ్యంతరము ఉన్నయెడల ఇప్పుడే తెలియజేయవలెను. లేనియెడల ఇకమీదట మౌనముగా ఉండవలెను.”

చర్చి అంతా గమ్మున అయిపోయింది. ఈ మాట తర్వాత ఎప్పుడూ ఇట్లనే ఉంటాది, ఎవరూ ఊపిరి కూడా తియ్యరు. ఆ నిశ్శబ్దంలో గోడవతల బంతిని తన్నిన చప్పుడు వినపడింది, దబ్ అని, ఎవడో ఒరేయ్ వెనక్కి రండ్రా అని అరిచినాడు, అది చెన్నయ్య గొంతు, మన కెప్టెను, గొంతు బొంగురుపోయి ఉంది. ఏసురత్నం కాళ్లు వాటంతట అవే లేచినాయి. లేచి నిలబడినాడు. పెండ్లికూతురు తండ్రి! రెండు వందల తలకాయలు ఇటు తిరిగినాయి, పెండ్లికొడుకు తల్లి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. కృప ముసుగులోంచి చూసింది. శ్యాంసన్ కూడా చూసినాడు, ఆ కండ్లలో ఏముందో, ఆశ ఉంది, నిజం చెప్పాల్నంటే ఆశే ఉంది. చెప్పు, చెప్పు ముసలోడా. పెండ్లికి కాదయ్యగారూ అభ్యంతరం, టైముకు. ఒక్క గంట ఆగండి, వీడు పోయి వస్తాడు. నాలుగు ముక్కలు. నోరు తెరిచినాడు.

“ఏందయ్యా ఏసురత్నం?” అన్నాడు అయ్యగారు.

“ఏంలేదయ్యగారూ. కాలు తిమ్మిరెక్కింది.”

కూచున్నాడు. వెనక ఎవరో కిసుక్కున నవ్వినారు. శ్యాంసన్ మెల్లగా ముందుకు తిరిగినాడు. కృప తిరగలేదు, ఇంకా కొంచెంసేపు తండ్రినే చూసింది, తర్వాత ఆమె కూడా తిరిగింది. ఛీ! తిమ్మిరంట. నోటికి ఎక్కిందేమో తిమ్మిరి. ఇంక జరిగేదేదీ ఏసురత్నానికి సరిగ్గా కనపడలేదు. కలిమిలోను లేమిలోను అన్నారు, వ్యాధిలోను ఆరోగ్యములోను అన్నారు, ఉంగరాలు మార్చుకున్నారు, శ్యాంసన్ చెమట చేతిలోంచి కృప ఉంగరం జారి కింద పడబోతే గబుక్కున పట్టుకున్నాడు, నేలకు జానెడు పైన, ఎంత చక్కగా పట్టుకున్నాడని. అటువంటి చేతులు ఇక్కడ ఉంగరాలు పట్టుకుంటా ఉన్నాయి. పాట పాడినారు. ఇంకో పాట పాడినారు. సంఘపెద్దల్లో ఒకాయన రెండు మాటలు చెప్తానని ఇరవై నిమిషాలు చెప్పినాడు, భార్యాభర్తలు బండికి రెండు చక్రాలంట, ఎవరికీ తెలీదు మరి. ఆ చక్రాల నడిమధ్యలోనే గ్రౌండు బద్దలైపోయేటంత గోల. ఏసురత్నం కిటికీ వైపు చూసినాడు. పలక లేదు. చూస్తానే ఉన్నాడు. పలక వచ్చింది, అటు ఒకటి, ఇటు ఒకటి. ఆ రెండు వేళ్ల సందులో ఒక్క గీత.

అయ్యగారు వధూవరుల్ని రిజిస్టరు దగ్గరికి పిలిచినాడు. కృప సంతకం, శ్యాంసన్ సంతకం, ఆ తర్వాత సాక్షి సంతకాలు, ఏసురత్నాన్ని పిలిచినారు. బల్ల దగ్గరికి పోయినాడు. బయట మూడు విజిళ్లు మోగినాయి, ఒకటి, రెండు, పొడుగ్గా మూడు. టైము అయిపోయింది. ఏబేలు కిటికీ వదిలేసి తలుపు దగ్గరికే వచ్చేసినాడు, చెప్పులతో, పలక చంకలో.

“ఎక్స్‌ట్రా టైము! ఎక్స్‌ట్రా టైమన్నా! పది పది నిమిషాలు. బాలకృష్ణకు మోకాలు వాచింది, ఒంటికాలి మీద నిలబడినాడు!”

అయ్యగారు కండ్లద్దాలపైనుంచి చూసినాడు. ఇందిరమ్మ కూడా చూసింది. ఏసురత్నం పెన్ను పట్టుకొని ఉన్నాడు. పొద్దున పట్టుకున్నట్టే, ఇంకో గీత మీద. తెల్లకాగితం, ఖాళీ జాగా. మనిషికి సిగ్గు ఎంతసేపు అడ్డం పడుతాది? జేబులోంచి తడిసిన కాగితం తీసి రిజిస్టరు మీద పరిచినాడు.

“నీ పేరు లిస్టులో ఉంది రా, శ్యాంసనూ. పదారో పేరు. నేనే రాసినా.”

శ్యాంసన్ కాగితం చూసినాడు. మామను చూసినాడు. కృప వంగి చూసింది, తన తండ్రి చేతిరాత, కిందికి వాలిపోయే అక్షరాలు.

“పొద్దున రాసినావా? రాసి, ఇంతసేపు కూచున్నావా?” అన్నది. తిట్టో ఏడుపో తెలీలేదు. ఆ వెంటనే మొగుని కోటు బొత్తాలు తానే విప్పడం మొదలుపెట్టింది. “ఏం చూస్తా ఉండావు? బూట్లు ఎవరివన్నా అడుక్కుందాం, పద. నేనూ వస్తా.”

పోయినారు. తెల్లచీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకొని కృప ముందు, చొక్కా చేతులు మడుచుకుంటా వాడు వెనక. వాళ్ల వెనక ఏబేలు, ఆయన వెనక పాటల పిల్లోళ్లు, కీబోర్డు వాయించేవాడు, యర్రగొండపాలెం చుట్టాలు, పెండ్లికొడుకు తల్లి కూడా కొంగు దోపుకొని. ఫొటోలాయన దారి అడ్డం పడి తీస్తా పోయినాడు. బెంచీలు ఖాళీ అయిపోయినాయి. ఏసురత్నం కూడా పోవాల్సిందే, రెండడుగులు వేసి బల్ల పట్టుకొని ఆగినాడు. పలక దుమ్ము తిన్న రొమ్ము గసపెడతా ఉంది. అయ్యగారు ఖాళీ చర్చి చూసి, గడియారం చూసి, నిట్టూర్చినాడు. అట్లని ముగింపు ప్రార్థన లేకుండా పెండ్లి ముగించకూడదు గదా.

“ఇంకెవరున్నారు? నువ్వే చెయ్యి ఏసురత్నం.”

కండ్లు మూసుకున్నాడు. నోటికొచ్చిన ప్రార్థన ఒక్కటే. తండ్రీ, పిల్లోళ్లకు దెబ్బలు తగలకుండా కాపాడు, మర్యాదగా... అక్కడ ఆగిపోయినాడు. మర్యాద చాలు. ముప్పై నాలుగేండ్ల మర్యాద.

“గెలిపించు ప్రభువా. ఓడితే పర్లేదని ఇన్నాళ్లూ అబద్ధం చెప్పినా. పర్లేదు కాదు. ఒక్కనాడూ పర్లేదు కాలేదు. మేము గెలవాల.”

“ఆమేన్,” అన్నాడు అయ్యగారు, ఎప్పుడూ అనేదానికన్నా గట్టిగా.

కండ్లు తెరిచేసరికి ఇందిరమ్మ నడిదారి దాటి వచ్చి పక్కన నిలబడి ఉంది, పట్టుచీర కొంగు నడుముకు బిగించి, చెప్పులు చేతిలో పట్టుకొని. తిడతాదేమో అనుకున్నాడు. ఆమె కిటికీ వైపు చెవి పెట్టి వింటా ఉంది. గోడవతల జనమంతా ఊపిరి బిగబట్టినట్టు చప్పుడు ఆగిపోయింది.

“ఏందయ్యా, మన గోల్‌లో ఎవరున్నారిప్పుడు?”

ఏసురత్నం ఆమె మొహం చూసినాడు. మన అన్నది.

“అల్లుడు,” అన్నాడు.